ఒక్క పేరే మిగిలిన బ్యాలెట్: నార్త్ డకోటా ఇన్సూరెన్స్ కమిషనర్ ఎన్నిక గురించి

అందరికీ నమస్కారం. ఎండలో ఇంత దూరం వచ్చినందుకు ముందు థ్యాంక్స్. మన లైబ్రరీ వాళ్లు "ఎన్నికల మీద ఏదైనా మాట్లాడండి" అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మన ఎన్నిక కాదు, అమెరికాలో చాలామంది అమెరికన్లే పట్టించుకోని ఒక చిన్న ఎన్నిక. నేను 27 ఏళ్లు ఇన్సూరెన్స్‌లో, అందులోనూ ఎక్కువ కాలం క్లెయిమ్స్ సెక్షన్‌లో పనిచేశాను, మా అమ్మాయి నార్త్ డకోటా రాష్ట్రంలో ఫార్గో అనే ఊళ్లో ఉంటుంది, ఆ రెండూ కలిసి నన్ను ఈ విషయం వెంట పడేలా చేశాయి. ఇందులో మనకు పనికొచ్చేది చాలా ఉందని నా నమ్మకం. మధ్యలో సందేహం వస్తే ఆపి అడగండి.

ముందు అసలు ఇన్సూరెన్స్ కమిషనర్ అంటే ఎవరో చెప్పాలి. మనకి ఇక్కడ హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడ వైపు, ఐఆర్‌డీఏఐ ఆఫీసు ఉంది కదా, దేశం మొత్తం మీద ఏ ఇన్సూరెన్స్ కంపెనీకి లైసెన్స్ ఇవ్వాలి, ఏ పాలసీ అమ్మనివ్వాలి, కంపెనీ దగ్గర క్లెయిములు కట్టేంత డబ్బుందా లేదా, ఇవన్నీ చూసేది అదే. 1999 చట్టంతో వచ్చింది, 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్ వచ్చేసింది. దాని ఛైర్మన్‌ని కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. మీరూ నేనూ ఓటేసేది ఏమీ లేదు.

అమెరికాలో అలా దేశం మొత్తానికి ఒక ఆఫీసు లేదు. 1945లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసి, ఇన్సూరెన్స్ నియంత్రణని రాష్ట్రాలకే వదిలేసింది. అంటే 50 రాష్ట్రాలకి 50 ఐఆర్‌డీఏఐలు ఉన్నట్టు. ఎక్కువ రాష్ట్రాల్లో గవర్నర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, నియమిస్తాడు. 11 రాష్ట్రాల్లో మాత్రం ఆ కుర్చీలో కూర్చునే మనిషిని జనమే ఓటేసి ఎన్నుకుంటారు: కాలిఫోర్నియా, జార్జియా, లూసియానా, వాషింగ్టన్, కాన్సస్, ఇలా. మోంటానాలో అయితే ఆ పని చేసేది స్టేట్ ఆడిటర్, ఆ పదవికీ ఎన్నికే. అక్కడ మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు, వాళ్లు కట్టే కారు ఇన్సూరెన్స్, ఇంటి ఇన్సూరెన్స్ ప్రీమియం మీద ఈ మనిషికి ఉన్నంత పట్టు అమెరికా అధ్యక్షుడికి కూడా లేదు. కాలిఫోర్నియాలో ఒక పెద్ద కంపెనీ 2024 మార్చిలో 72 వేల పాలసీలు రెన్యువల్ చేయనని చెప్పింది, అందులో 30 వేలు ఇళ్లవి. అలాంటప్పుడు వాళ్లు ఫోన్ చేసేది, తిట్టేది, అర్జీ పెట్టేది ఈ కమిషనర్ ఆఫీసుకే. కాబట్టి చిన్న పదవి అనుకోవద్దు, పేరు చిన్నది, అంతే.

ఇక అసలు కథ జరిగిన నార్త్ డకోటా. మ్యాప్‌లో కెనడా సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది, 2020 జనాభా లెక్కల్లో మనుషులు మాత్రం 7 లక్షల 79 వేలు. ఒక్క విజయవాడలో అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. గోధుమ, సోయా, పొద్దుతిరుగుడు, కనోలా, ఇవీ పంటలు. మా అమ్మాయి వాళ్ల ఊరు దాటి పది నిమిషాలు వెళ్తే కనుచూపు మేర పొలమే. అక్కడ రైతుకి తుపాను భయం లేదు, వడగళ్ల భయం ఉంది. జూలైలో ఇరవై నిమిషాలు వడగళ్లు పడితే కోతకొచ్చిన గోధుమ నేలకి అంటుకుపోతుంది. కోనసీమలో నవంబర్ తుపానుకి వరి పడిపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు, అదే బాధ.

అందుకే ఆ రాష్ట్రంలో ఇన్సూరెన్స్ అనేది మొదటినుంచీ రాజకీయమే. 1915లో అక్కడి రైతులు నాన్‌పార్టిజన్ లీగ్ అని ఒక సంఘం కట్టారు, రైల్వేలు, ధాన్యం వ్యాపారులు, బ్యాంకులు కలిసి తమని దోచుకుంటున్నాయని. నాలుగేళ్లలో అధికారంలోకి వచ్చి 1919లో ప్రభుత్వ బ్యాంకు పెట్టారు, ప్రభుత్వ పిండిమిల్లు పెట్టారు, వడగళ్ల నష్టానికి ప్రభుత్వమే నడిపే బీమా పెట్టారు. బ్యాంకూ మిల్లూ ఇవాళ్టికీ నడుస్తున్నాయి. పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే కార్మికుల బీమా కూడా అక్కడ ప్రైవేటు కంపెనీలు అమ్మడానికి లేదు, ప్రభుత్వమే. ఆ లీగ్ తర్వాత 1956లో డెమోక్రాట్లతో కలిసిపోయింది, అందుకే ఆ రాష్ట్రంలో డెమోక్రటిక్ పార్టీ పేరు చివర ఇప్పటికీ ఎన్‌పీఎల్ అని ఉంటుంది. ఇప్పుడు రాష్ట్రం దాదాపు పూర్తిగా రిపబ్లికన్, కానీ ఈ ఇన్సూరెన్స్ కమిషనర్ పదవి మాత్రం 1985 నుంచి 2001 దాకా వరసగా ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరూ డెమోక్రాట్లే, ఎర్ల్ పామరాయ్, గ్లెన్ పామరాయ్ చేతిలో ఉంది. ఎర్ల్ పామరాయ్ ఆ మెట్టు మీద నుంచే కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, సభ్యుడయ్యాడు. ఆయన్ని 2010లో ఓడించింది రిక్ బెర్గ్ అనే రిపబ్లికన్. ఈ రిక్ బెర్గ్ పేరు గుర్తుపెట్టుకోండి.

2020కి వద్దాం. పదవిలో ఉన్నది జాన్ గాడ్‌ఫ్రెడ్, రిపబ్లికన్, 2016లో మొదటిసారి గెలిచాడు. బాస్కెట్‌బాల్ ఆడిన మనిషి, ఏడడుగులకి కాస్త తక్కువ, ప్రపంచంలోనే ఎత్తైన రాజకీయ నాయకుడని గిన్నిస్ వాళ్లు రికార్డు ఇచ్చారు. ఆయన మీద డెమోక్రటిక్ ఎన్‌పీఎల్ పార్టీ ట్రవీషియా మార్టిన్ అనే ఆవిడని నిలబెట్టింది. జూన్ ప్రైమరీ జరిగింది, కోవిడ్ కాబట్టి మొత్తం పోస్టులోనే. ప్రైమరీ అంటే పార్టీ అభ్యర్థిగా ఖాయం చేసే ఓటు. అదీ అయిపోయింది. నవంబర్ 3న అసలు పోలింగ్.

ఇలా ఉండగా వేసవి చివర్లో రిపబ్లికన్ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు నేరుగా రాష్ట్ర సుప్రీంకోర్టుకి వెళ్లాడు. ఆ అధ్యక్షుడు ఎవరనుకున్నారు, రిక్ బెర్గే. ఆయన అడిగింది ఒక్కటే: మార్టిన్ పేరు బ్యాలెట్ మీద పెట్టొద్దని సెక్రటరీ ఆఫ్ స్టేట్‌ని ఆదేశించండి. మనకి ఎన్నికల ప్రధానాధికారి ఎలాగో అక్కడ సెక్రటరీ ఆఫ్ స్టేట్ అలా, తేడా ఏంటంటే ఆయన కూడా పార్టీ గుర్తు మీద గెలిచి వచ్చినవాడే. అప్పుడు ఆ పదవిలో ఉన్నది ఆల్ జేగర్, 1993 నుంచీ ఆయనే.

కారణం ఏంటంటే, ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఒక వాక్యం ఉంది. గవర్నర్ దగ్గర్నుంచి ఇన్సూరెన్స్ కమిషనర్ దాకా రాష్ట్రస్థాయి పదవికి పోటీ చేసే మనిషికి మామూలుగా 25 ఏళ్లుండాలి, గవర్నర్‌కి 30, ఎన్నికకి ముందు వరసగా ఐదేళ్లు ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలి. 2020 నవంబర్ నుంచి వెనక్కి లెక్కేస్తే 2015 నవంబర్. మార్టిన్ ఏమన్నారంటే నేను 2015 నుంచే నార్త్ డకోటాలో ఉంటున్నాను, ఇక్కడే పనిచేస్తున్నాను అని. బెర్గ్ చూపించింది ఏంటంటే, 2016 నవంబర్‌లో ఆవిడ నెవాడా రాష్ట్రంలో ఓటేశారు. నెవాడాలో ఓటేయాలంటే నెవాడా నివాసి అయి ఉండాలి. ఒక మనిషికి ఒకేసారి రెండు రాష్ట్రాల్లో నివాసం ఉండదు. కాబట్టి 2016 నవంబర్‌లో ఆవిడ నార్త్ డకోటా నివాసి కాదు, ఐదేళ్లు నిండలేదు. కోర్టు ఆ వాదన ఒప్పుకుంది. పేరు తీసేయమంది. ఆ బ్యాలెట్ మీద ఇంకో పార్టీ అభ్యర్థి రాలేదు. నవంబర్‌లో ఓటర్లు ఆ వరుస దగ్గరికి వచ్చేసరికి గాడ్‌ఫ్రెడ్ పేరూ, ఎవరి పేరైనా చేత్తో రాసుకోవడానికి ఖాళీ గీతా ఉన్నాయి.

తీర్పు తప్పు అని నేను అనడం లేదు. చట్టం చదివితే వేరే దారి లేదు. అక్కడి చట్టంలో నివాసం అంటే ఏమిటో రాసిన మాటలు నాకు చాలా నచ్చాయి: పని మీదో ఇంకేదో తాత్కాలిక అవసరం మీదో వేరే చోటికి పోనప్పుడు మనిషి ఎక్కడుంటాడో, విశ్రాంతి రోజుల్లో తిరిగి ఎక్కడికి చేరుకుంటాడో అది నివాసం. అది ఒక్కటే ఉంటుంది. అది మారాలంటే మనిషీ కదలాలి, మనసూ కదలాలి, రెండూ కలవాలి. వందేళ్ల పైబడిన పాత చట్టపు మాటలు, చదువుతుంటే నాకు మన సంక్రాంతి గుర్తొచ్చింది. కూకట్‌పల్లిలో ఇరవై ఏళ్లు కాపురముండి, పిల్లల్ని ఇక్కడే చదివించి, పండక్కి మాత్రం తణుకో నరసాపురమో వెళ్తాం. విశ్రాంతి రోజుల్లో తిరిగి చేరేది అక్కడికే కదా అంటే అవును. మరి మన నివాసం ఏది? ఓటు ఎక్కడ ఉండాలి?

ఇది ఊరికే అడగడం లేదు. 2024 మే 13న పోలింగ్ ముందు రెండు రోజులు మీరు ఎల్బీ నగర్ దగ్గర చూసే ఉంటారు, విజయవాడ బస్సుల్లో నిలబడటానికి చోటు లేదు. చాలామందికి ఓటు ఊళ్లో ఉంది, ఆధార్ ఇక్కడుంది, రేషన్ కార్డు ఇంకోచోట. మన చట్టం కూడా "మామూలుగా నివసించే చోటు" అనే అంటుంది, ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం అయిపోదని కూడా స్పష్టంగా రాసింది. అయినా రెండు చోట్ల పేరుండటం మనకి పెద్ద తప్పుగా అనిపించదు, "తీయించుకోవాలి, టైం దొరకలేదు" అంటాం. ఎవరైనా రేపు పంచాయతీకో మున్సిపాలిటీకో పోటీ చేద్దామనుకుంటే మాత్రం ఆ తీయించుకోని పేరే ప్రత్యర్థి చేతికి దొరుకుతుంది. మార్టిన్‌కి జరిగింది కూడా అదే తరహా, నాలుగేళ్ల కిందట ఇంకో రాష్ట్రంలో వేసిన ఒక్క ఓటు.

ఇంకో విచిత్రం చెప్తాను. అమెరికాలో ఓటరు నమోదు లేని రాష్ట్రం నార్త్ డకోటా ఒక్కటే. అవును, ఓటరుగా ముందే పేరు రాయించుకోవాల్సిన పనే లేదు. వార్డులో 30 రోజులు నివాసం, అడ్రసున్న గుర్తింపు కార్డు ఉంటే పోలింగ్ రోజు వెళ్లి ఓటేయొచ్చు. ఓటరుకి 30 రోజులు చాలు, అభ్యర్థికి ఐదేళ్లు కావాలి. నమోదు లేకపోవడం వల్ల ఒక మనిషి ఆ రాష్ట్రంలో ఎప్పట్నుంచి ఓటరు అని చూపించే నమోదు తేదీయే అక్కడ ఉండదు. సాక్ష్యం బయటి నుంచి, నమోదు ఉన్న నెవాడా నుంచి వచ్చింది. ఆ అడ్రసు రూలుతో కూడా చాలా గొడవ జరిగింది, రిజర్వేషన్లు అని ఆదివాసీలకి కేటాయించిన ప్రాంతాల్లో ఇళ్లకి వీధి పేరూ డోర్ నంబరూ ఉండవు, పోస్ట్ బాక్సే అడ్రసు. 2016లో ఇదే ఇన్సూరెన్స్ కమిషనర్ పదవికి డెమోక్రాట్ల తరఫున పోటీ చేసి ఓడిపోయిన రూత్ బఫెలో ఆదివాసీ మహిళ. ఆవిడ 2018లో శాసనసభకి పోటీ చేసి ఎవరిని ఓడించిందో తెలుసా, ఆ గుర్తింపు కార్డు చట్టాన్ని ముందుండి తెచ్చిన శాసనసభ్యుణ్ణే. నాకు ఆ సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

సరే, మళ్లీ మార్టిన్ దగ్గరికి. నన్ను నిజంగా బాధపెట్టేది క్యాలెండర్. నామినేషన్ కాగితం మీద అభ్యర్థి "నాకు అర్హత ఉంది" అని సంతకం పెడతారు. దాన్ని ఎవరు పరీక్షించాలి? పార్టీ పరీక్షించాలి. "ఎక్కడెక్కడ ఓటేశారమ్మా ఐదేళ్లలో?" అని ఒక్క ప్రశ్న ముందే అడిగితే ఒక్క సాయంత్రంలో తేలిపోయే విషయం. వాళ్లు అడగలేదో, అడిగినా సరిపోతుందిలే అనుకున్నారో. ప్రైమరీ అయిపోయింది. ప్రచారం నడుస్తోంది. అక్కడ సైన్యంలో ఉన్నవాళ్లకీ విదేశాల్లో ఉన్నవాళ్లకీ పోలింగ్‌కి 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలని దేశం మొత్తానికి చట్టం ఉంది. అంటే సెప్టెంబర్ మధ్యకల్లా అచ్చు అయిపోవాలి. వేసవి చివర్లో ఒక అభ్యర్థిని తీసేస్తే ఇంకొకర్ని తెచ్చి జనానికి పరిచయం చేసే సమయం ఎక్కడుంది?

కేసు వేసినవాళ్లకి ఆ హక్కు ఉంది, వాళ్లని నేను నిందించను. అయినా మొత్తం చూస్తే, తప్పు చేసింది అభ్యర్థీ, ఆవిడ పార్టీ అయితే, ఎంచుకునే అవకాశం పోయింది ఓటరుకి. మార్టిన్ ఇంకోసారి పోటీ చేసుకోవచ్చు. 2020లో ఆ రైతుకి ఆ వరుసలో ఎంచుకోవడానికి ఏమీ లేదు, మళ్లీ నాలుగేళ్లు ఆగాలి.

ఈ ఐదేళ్ల రూలు మీద కూడా ఒక మాట. 1889లో రాష్ట్రం ఏర్పడినప్పుడు బయటివాళ్లు రాత్రికి రాత్రి దిగి పదవులు ఎగరేసుకుపోతారనే భయం ఉండి ఉంటుంది, అర్థం చేసుకోగలను. ఇప్పుడు ఆ రాష్ట్రంలో పరిస్థితి వేరు. పడమటి వైపు బాకెన్ అనే చోట చమురు పడి, విల్లిస్టన్, వాట్‌ఫర్డ్ సిటీ లాంటి ఊళ్లకి దేశం నలుమూలల నుంచీ మనుషులొచ్చారు, 2010 నుంచి 2020 లోపల జనాభా లక్షకు పైగా పెరిగింది. ఏడెనిమిది లక్షల మందిలో లక్ష! వాళ్లందరూ ప్రీమియం కడతారు, ఓటేస్తారు, పోటీ చేయడానికి మాత్రం ఆగాలి. జార్జియాలో ఇదే పదవికి నాలుగేళ్లు, పైగా పదేళ్లుగా అమెరికా పౌరులై ఉండాలి. మనవాళ్లు అట్లాంటాలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, ఈమధ్యే పౌరసత్వం వచ్చినవాళ్లు ఆ పదవి మీద ఆశ పెట్టుకోవాలంటే పదేళ్లు లెక్కపెట్టుకోవాలి. ఓక్లహోమాలో అయితే ఇన్సూరెన్స్ రంగంలో ఐదేళ్ల అనుభవం కూడా కావాలన్నారు. నాకు ఈ చివరిది సబబుగా అనిపిస్తుంది, సాల్వెన్సీ, అంటే క్లెయిములన్నీ కట్టగలిగే స్తోమత, అదేమిటో తెలియని మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే పక్కనున్న కంపెనీ లాయరు ఏది చెబితే అది.

ఒక సార్ చెయ్యెత్తారు, అడగండి సార్.

[సభలో ఒకరు: నివాసం, వయసు ఇవన్నీ సరే, మనిషి నిజాయితీ ఏ రూల్‌లో ఉంది?]

మంచి ప్రశ్న. ఏ రూల్‌లోనూ లేదు. లూసియానాలో ఇన్సూరెన్స్ కమిషనర్‌గా గెలిచిన ముగ్గురు వరసగా, షెర్మన్ బెర్నార్డ్, డగ్ గ్రీన్, జిమ్ బ్రౌన్, ముగ్గురూ జైలుకెళ్లారు. డగ్ గ్రీన్‌కి 25 ఏళ్ల శిక్ష వేశారు. ముగ్గురికీ పోటీ చేసే అర్హత కాగితం మీద నిక్షేపంగా ఉంది. జార్జియాలో జిమ్ బెక్ అనే ఆయన 2018లో గెలిచాడు, కుర్చీలో కూర్చున్న నాలుగు నెలల్లో కేసు పడింది, అంతకుముందు పనిచేసిన సంస్థ నుంచి 20 లక్షల డాలర్లకు పైగా కాజేశాడని 2021లో జ్యూరీ తేల్చింది, ఏడేళ్ల పైన శిక్ష. ఆ డబ్బు తీసిన కాలమంతా ఎన్నికకి ముందే. అర్హత పరీక్షలో నిలబడ్డాడు. అందుకని నేనేమంటానంటే సార్, అర్హత రూలు తలుపు దగ్గర కాపలా మాత్రమే, లోపలికొచ్చే మనిషి ఎలాంటివాడో కనిపెట్టాల్సింది ప్రత్యర్థీ, పత్రికలూ, ఓటర్లూ. ప్రత్యర్థే లేకుండా పోతే ఆ మూడింట్లో ఒకటి పోయినట్టే, పత్రికలు కూడా పోటీ లేని సీటు గురించి రాయవు, కాబట్టి రెండోదీ సగం పోయినట్టే.

కాన్సస్‌లో కేథలీన్ సెబీలియస్ అనే ఆవిడ 1994లో ఇదే పదవికి నిలబడి, ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి ఒక్క డాలరు చందా తీసుకోను అని చెప్పి గెలిచింది. తర్వాత ఆ రాష్ట్రంలో పెద్ద ఆరోగ్య బీమా సంస్థని బయటి కంపెనీ కొనబోతే ప్రీమియంలు పెరుగుతాయని ఆపేసింది. తర్వాత గవర్నర్ అయింది. పోటీ గట్టిగా ఉంటేనే అలాంటి మాటలు అభ్యర్థి నోట వస్తాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన అనుభవం దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. మనకి నామినేషన్ల తర్వాత స్క్రూటినీ రోజు ఒకటి ఉంటుంది. ప్రత్యర్థులు, వాళ్ల ఏజెంట్లు రిటర్నింగ్ ఆఫీసర్ ముందు కూర్చుని అభ్యంతరాలు చెప్పొచ్చు. ఇది నార్త్ డకోటా కంటే మంచి పద్ధతి. అక్కడితో అయిపోతే బాగుండేది. స్క్రూటినీ దాటాక మాత్రం ఎన్నిక పూర్తయ్యేదాకా కోర్టులు తలదూర్చకూడదని మన రాజ్యాంగం 329వ అధికరణం చెబుతుంది, 1952లోనే సుప్రీంకోర్టు ఆ మాట ఖాయం చేసింది. ఏదున్నా ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేసుకో. ఎన్నికలు కోర్టుల్లో చిక్కుకుని ఆగిపోకూడదని ఆ రూలు, దాని వెనక ఆలోచన నాకు అర్థమవుతుంది.

ఫలితం ఏమయిందో వేములవాడలో చూశాం. చెన్నమనేని రమేష్ 2009లో గెలిచారు, 2010 ఉప ఎన్నికలో గెలిచారు, 2014లో, 2018లో గెలిచారు. ఆయన జర్మనీ పౌరసత్వం తీసుకున్న మనిషి, భారత పౌరసత్వానికి మళ్లీ దరఖాస్తు చేసుకున్నప్పుడు అంతకుముందు పన్నెండు నెలలు ఇక్కడ ఉండాలన్న షరతు నెరవేరలేదని ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ కేసు వేశారు. చూడండి, ఇక్కడా అదే ప్రశ్న, ఎక్కడున్నావు, ఎన్నాళ్లున్నావు. 2013లో హైకోర్టు ఎన్నిక చెల్లదంది, సుప్రీంకోర్టులో స్టే వచ్చింది. 2017లో కేంద్ర హోంశాఖ పౌరసత్వం రద్దు చేసింది, అది కోర్టుకెళ్లి వెనక్కి వచ్చింది, 2019లో మళ్లీ రద్దు చేసింది, మళ్లీ కోర్టు. 2024 డిసెంబర్‌లో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి 30 లక్షలు ఖర్చుల కింద కట్టమంది. అప్పటికి నాలుగు గెలుపులు, మూడు శాసనసభల కాలాలు గడిచిపోయాయి. 2023 ఎన్నికలో ఆది శ్రీనివాసే గెలిచి ఎమ్మెల్యే అయిపోయారు కూడా.

నార్త్ డకోటాలో కొన్ని వారాల్లో తేల్చేశారు, అయినా ఆలస్యమై ఓటరుకి రెండో పేరు మిగల్లేదు. మన దగ్గర పదిహేనేళ్లు పట్టింది. రెండు చోట్లా నాకు కనిపించేది ఒక్కటే, ఆ ప్రశ్న అడగాల్సిన రోజున ఎవరూ గట్టిగా అడగలేదు. పార్టీ టికెట్ ఇచ్చే రోజునే, బీ-ఫారం చేతిలో పెట్టేముందే, పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టమనాలి, ఎక్కడెక్కడ ఓటుందో చెప్పమనాలి. ఒక బ్యాంకు 5 లక్షల లోన్ ఇవ్వడానికి ఎన్ని కాగితాలు అడుగుతుంది! నేను క్లెయిమ్స్‌లో పనిచేసినప్పుడు పాలసీ ఇచ్చేటప్పుడు సరిగ్గా అడగని ప్రశ్నే మనిషి చనిపోయాక ఆ ఇంటి మీద పడేది. వయసు రుజువు ముందే తీసుకుని ఉంటే సరిపోయేదానికి, భర్త పోయిన మనిషిని మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిప్పిన ఫైళ్లు నేను చూశాను. నా చేతులతో కొన్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అందుకే ఈ ఎన్నిక కథ చదివినప్పుడు నాకు అంత పట్టింది.

అదే 2020లో, అదే రాష్ట్రంలో ఇంకొకటి జరిగింది. డేవిడ్ ఆండాల్ అనే రిపబ్లికన్ అభ్యర్థి శాసనసభకి పోటీ చేస్తూ అక్టోబర్ 5న కోవిడ్‌తో చనిపోయారు. అప్పటికే బ్యాలెట్లు బయటికి వెళ్లిపోయాయి, పేరు తీయడానికి లేదు. ఆయన గెలిచారు. ఆ సీటు ఎవరు నింపాలి అని గవర్నర్‌కీ, ఆయన సొంత పార్టీ వాళ్లకీ గొడవ, గవర్నర్‌కి ఆ అధికారం లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది, చివరికి ఆ నియోజకవర్గం పార్టీ వాళ్లు ఆ సీట్లో పాత సభ్యుణ్ణే కూర్చోబెట్టారు, ప్రైమరీలో ఓడిపోయిన ఆయన్ని. అచ్చు తేదీకి అటు పడితే ఒక లెక్క, ఇటు పడితే ఇంకో లెక్క. ఎన్నికల చట్టంలో క్యాలెండర్‌కి ఎంత బలం ఉందో ఈ రెండు సంఘటనలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇంకెవరైనా? అమ్మా, మీరు.

[సభలో ఒకరు: మార్టిన్ పేరు ఉండి ఉంటే మాత్రం గెలిచేదా అండీ?]

గెలిచేది కాదమ్మా, నా అంచనా అదే. ఆ ఏడాది అక్కడ పార్టీ పేరు మీద పోటీ జరిగిన రాష్ట్రస్థాయి పదవులన్నీ రిపబ్లికన్లే గెలిచారు. గాడ్‌ఫ్రెడ్ మళ్లీ గెలిచారు, 2025లో అన్ని రాష్ట్రాల కమిషనర్ల సంఘానికి అధ్యక్షుడు కూడా అయ్యారు. కానీ 2020 ఎలాంటి సంవత్సరమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. హోటళ్లు మూతపడ్డాయి, చిన్న వ్యాపారస్తులు వ్యాపారం ఆగిపోయినందుకు బీమా డబ్బు రావాలని అడుగుతుంటే వైరస్‌కి మా పాలసీ వర్తించదని అమెరికా అంతటా కంపెనీలు చెప్పాయి, కార్లు షెడ్డుల్లోనే ఉన్నాయి, అయినా ప్రీమియం ఎందుకు కట్టాలని జనం అడిగారు, ఆరోగ్య బీమాలో కోవిడ్ చికిత్సకి ఎంత కడతారని అడిగారు. ఫార్గోలో ఒక చిన్న రెస్టారెంట్ నడిపే మనిషికి ఈ ప్రశ్నలకి జవాబు చెప్పాల్సింది ఆ ఒక్క ఆఫీసు. మామూలు సంవత్సరమైతే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఇద్దరు అభ్యర్థులు ఒక రేడియో స్టూడియోలోనో ఒక కాలేజీ హాల్లోనో ఎదురెదురుగా కూర్చుని వీటి మీద మాట్లాడేవాళ్లు. ఆ ఏడాది ఎదురు కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.